ఇంగ్లండులో నలుగు పాట

మా ఆడపడుచు ఫోన్ చేసినప్పుడు నేను చేపలు కడుగుతున్నాను. చేతులు తుడుచుకుని వచ్చేలోగా ఆగిపోయింది. మళ్ళీ మోగింది. మా ఆడపడుచు వెంటవెంటనే రెండుసార్లు ఫోన్ చేసిందంటే అవసరం ఆమెదన్నమాట.

ఆమె మా ఆయనకి అక్క. ఎప్పుడో నర్సుగా ఇంగ్లండు వెళ్ళి అక్కడే స్థిరపడింది. ఒక్కతే కూతురు. ఆ పిల్ల తనతో చదువుకున్న తెల్లబ్బాయిని చేసుకోబోతోందని మాకు అప్పటికే తెలుసు.

"అమ్మాయ్, తేదీ ఖాయం చేశాం. మీరిద్దరూ తప్పకుండా రావాలి," అంది.

"సంతోషం వదినా."

"పెళ్ళికి ముందురోజు హల్దీ పెట్టుకున్నాం. అబ్బాయి వాళ్ళమ్మ ముచ్చటపడుతోంది. ఎవరి పెళ్ళిలోనో చూసిందట. మేనమామ భార్యవి, మొదటి చెయ్యి నువ్వే వెయ్యాలి. పాటలు కూడా నీకే కదా వచ్చు."

దానికి నా దగ్గర ఒక జవాబు ఉంది. ఆ జవాబు కొన్నేళ్ళుగా నా నాలుక చివరే కూర్చుని ఉంది. దాన్ని ఫోన్లో వృథా చెయ్యడం ఇష్టం లేకపోయింది.

"హల్దీ అంటే నలుగేనా వదినా?"

"అదేలే."

"అయితే వస్తాం," అన్నాను.

ఆ 'అదేలే' సంగతి మీకు చెప్పాలి. లేకపోతే అంత దూరం నేను పిల్లని దీవించడానికే వెళ్ళాననుకుంటారు.

మా అమ్మాయి పెళ్ళి దోహాలోనే చేశాం. ఫరీజ్ బిన్ మహమూద్‌లో మాది పాత బిల్డింగులో చిన్న ఫ్లాటు. నలుగుకి ఆ హాలు చాలదని, మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ఒక కుటుంబంవాళ్ళు అల్ ఘర్రాఫాలో తమ విల్లా ఇచ్చారు. మగపెళ్ళివారు భీమవరం నుంచి వచ్చారు. మా ఆడపడుచు ఇంగ్లండు నుంచి వచ్చింది.

మా గోదావరి వైపు క్రైస్తవుల ఇళ్ళల్లో నలుగు ఉంది. ఉందని పైకి ఒప్పుకోడానికి కొందరికి మొహమాటం, అంతే. ముందు ప్రార్థన చేస్తాం, ఒక కీర్తన పాడతాం, తర్వాత పిల్లని పీట మీద కూర్చోబెట్టి నూనె, పసుపు రాస్తాం. మా ఇళ్ళల్లో మొదటి చెయ్యి మేనత్తది. మేనత్త లేకపోతేనే మేనమామ భార్య. మేనత్త చెయ్యి పడ్డాకే మిగతావాళ్ళు లేస్తారు. ఇది శాస్త్రం అని నేననను. మర్యాద. ఈ పిల్ల మా ఇంటి పిల్ల అని నలుగురి ముందూ నోటితో కాకుండా చేత్తో చెప్పడం.

మా అమ్మాయి పీట మీద కూర్చుని, కళ్ళు దించుకుని, చెంప కొంచెం ముందుకి పెట్టుకుని ఉంది. నేను పసుపు గిన్నె మా ఆడపడుచు ముందు పట్టుకున్నాను. ఆవిడ సోఫాలోంచి కదల్లేదు. చేతులు రెండూ చంకల్లోకి మడుచుకుంది.

"మేం ఇలాంటివి మానేశామమ్మా. ఇవి అన్యుల ఆచారాలు. దేవుడు ఒప్పడు," అంది.

చెవిలో చెప్తే నేనేదో సర్దుకునేదాన్ని. గుళ్ళో, అంటే చర్చిలో, ప్రకటనలు చదివినట్టు చదివింది. ఎదురుగా కాబోయే వియ్యపురాలు, ఆవిడ తోడికోడళ్ళు, చెల్లెళ్ళు. నేను గిన్నె పట్టుకుని అలాగే వంగి ఉన్నాను. నా కూతురు చెంప అలాగే ముందుకి పెట్టుకుని ఉంది.

ఆ సమయంలో లేచింది మా ఎదురు ఫ్లాటావిడ. కరీంనగర్ వైపు మనిషి. ప్రభువూ బైబిలూ ఆమెకి తెలియవు.

"నేను పెడ్త తియ్ అక్కా. పిల్ల గట్ల మొకం వట్టుకొని ఎంతసేపు కూసుంటది. ఎవలు ఏ మతమో పసుపుకేం ఎరుక," అని వచ్చి, మా అమ్మాయి రెండు చెంపలకీ పసుపు రాసి, పాదాలకీ రాసి, నెత్తిన చెయ్యి పెట్టింది. ఆమె చల్లగా ఉండాలి. కానీ చూస్తున్నవాళ్ళకి కనిపించింది ఆమె చెయ్యి కాదు, మా ఆడపడుచు మడిచిన చేతులు.

పసుపు తప్పని బైబిల్లో ఎక్కడుందో చూపించమనండి. ఆవిడ మెళ్ళో శిలువ బిళ్ళ వేసిన తాళి ఉంది కదా, అది ఏ సువార్తలో ఉందో చూపించమనండి. ఇవన్నీ ఆ రోజే అడగాల్సింది. పెళ్ళికూతురి తల్లికి నోరు ఉండకూడదని ఎవరో పెట్టిన నియమం ఉందిగా. ఊరుకున్నాను. మా ఆయనేం చేశాడని మీరు అడగలేదు. పార్కింగులో మగపెళ్ళివారి కార్లు సర్దిస్తున్నాడు.

అక్కడితో పోయి ఉంటే నేనూ పోనిచ్చేదాన్ని. పోలేదు. మా అల్లుడూ అమ్మాయీ దోహా పక్కనే లుసైల్‌లో ఉంటారు. మా వియ్యపురాలు ఏటా విజిట్ వీసా మీద వచ్చి కొడుకు దగ్గర కొన్నాళ్ళు ఉండి వెళ్తుంది. చెడ్డ మనిషి కాదు. కానీ ఏదైనా పని చెడితే దానికో కారణం చేతిలో ఉండాలి ఆవిడకి. అల్లుడికి రావాల్సిన ప్రమోషన్ ఆగితే, "సొంత మేనత్తే ముట్టుకోని పిల్లని తెచ్చుకున్నాం," అంది. మా అమ్మాయికి మొదటి కడుపు నిలవలేదు. మంచం మీద ఉన్న పిల్ల దగ్గర కూర్చుని, జావ తాగిస్తూ, అదే మాట అంది.

ఆ తర్వాత సహవాసంలో ఇంకో పిల్లకి నలుగు జరిగింది. మా అమ్మాయి పసుపు గిన్నె వైపు చెయ్యి చాపింది. వియ్యపురాలు ఆ చెయ్యి పట్టుకుంది. "నువ్వొద్దులే అమ్మా. నీకే సరిగ్గా జరగలేదు," అంది, ఎంతో మెల్లగా, కోడలి మంచి కోరుతున్నట్టే. మా అమ్మాయి నవ్వింది. పక్కనున్న టిష్యూ తీసుకుని, ఏమీ అంటని చేతిని తుడుచుకుంది. అప్పట్నించి ఎవరింట్లో నలుగైనా దానికి సరిగ్గా ఆ రోజే డ్యూటీ పడుతుంది.

"వదిలెయ్ మమ్మీ, ఆవిడ అంటూనే ఉంటారు," అంటుంది నాతో. అది వదిలేస్తుంది. దాన్ని కన్న పాపానికి నేను వదలను.

కాబట్టి ఇంగ్లండుకి నేను పెట్టెలో పట్టుకెళ్ళింది పసుపు కొమ్ములు కొట్టించిన పొడి, నువ్వుల నూనె, ఒక వాక్యం. మేం ఇలాంటివి మానేశామమ్మా, ఇవి అన్యుల ఆచారాలు, దేవుడు ఒప్పడు. ఆవిడ వియ్యపురాలి ముందు, ఆవిడ బంధువుల ముందు, గిన్నె నా ముందుకి వచ్చినప్పుడు, చేతులు మడుచుకుని అంటాను. ఒక్క అక్షరం మార్చను.

లండన్లో దిగి కారు అద్దెకి తీసుకున్నాం. ఎడమవైపు నడిపే దేశంలో పుట్టినా, మా ఆయన చేతులు ఆ సంగతి మర్చిపోయాయి. దోహాలో ఇన్నేళ్ళు కుడివైపే నడిపాడు. గేరు వెయ్యాల్సి వచ్చిన ప్రతిసారీ కుడిచెయ్యి చాపి తలుపుని తడిమేవాడు. నేను "ఎడమ, ఎడమ," అంటూ కూర్చున్నాను.

పెద్దరోడ్డు ఉన్నంతసేపు ఏ దేశమైనా ఒకటే. దాన్ని వదిలి పల్లెల్లోకి తిరిగాక మొదలైంది. రోడ్డు సన్నబడి, సన్నబడి, ఒక్క కారు పట్టేంత అయింది. రెండు వైపులా కారు కంటే ఎత్తు కంచెలు, మొక్కలతో అల్లినవి, గోడల్లా కత్తిరించినవి. వాటి మధ్య ఎక్కడైనా ఒక గేటు వస్తే ఆ ఖాళీలోంచి ఒక్క క్షణం కొండవాలు, దాని మీద వీపున రంగు గుర్తులు వేసిన గొర్రెలు, దూరంగా గుడి శిఖరం కనిపించేవి. మళ్ళీ ఆకుల గోడ. ఎవరో దొంగచాటుగా బొమ్మలు చూపించి మూసేస్తున్నట్టు ఉంది. జూలై నెల. దోహాలో ఆ వేళకి కారు స్టీరింగు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఇక్కడ నేను శాలువా కప్పుకుని కూర్చున్నాను.

నిజం చెప్పొద్దూ, అందంగా ఉంది. అదే నాకు చిరాకు తెప్పించింది. మనిషి కోపంగా ఉన్నప్పుడు ఇలాంటివి చూపించకూడదు. కోనసీమ పచ్చదనం అయితే మన మీద పడుతుంది, చెమట పట్టిస్తుంది, దోమల్ని పంపిస్తుంది. దానితో పోట్లాడొచ్చు. ఈ పచ్చదనం తల దువ్వుకుని నించున్న బడిపిల్లలా ఉంది. నేను కిటికీ వైపునుంచి మొహం తిప్పేసుకుని నా వాక్యం చూసుకోవడం మొదలుపెట్టాను. 'మానేశామమ్మా' దగ్గర ఆగాలా, 'అన్యుల' దగ్గర ఆగాలా అని.

"ఏంటి గొణుగుతున్నావు?" అన్నాడు మా ఆయన.

"ప్రార్థన."

"నీ ప్రార్థన నాకు తెలుసు. పిల్ల పెళ్ళి. అది నిన్నేం చేసింది?"

"పిల్లని నేనేం అనను."

"మా అక్కని?"

"మీ అక్కకి ఆవిడ మాటే ఆవిడకి ఇచ్చేస్తాను. నా సొంత సరుకు ఒక్కటీ కలపను."

అంతలో ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. దోహాలో అయితే వెనకనుంచి వచ్చే ల్యాండ్‌క్రూజర్ మనం పక్కకి తప్పుకునేదాకా లైట్లు కొడుతూనే ఉంటుంది. మా ఆయన ఆ అలవాటు కొద్దీ భయపడి కారుని కంచెలోకి దూర్చబోయాడు. ట్రాక్టరు మనిషి మమ్మల్ని చూసి, అంత పెద్ద బండినీ మలుపుదాకా వెనక్కి నడిపి, మేం దాటుతుంటే ఒక వేలు ఎత్తి పలకరించాడు.

"చూశావా. తన దారి తను వదులుకున్నాడు. మనిషంటే అలా ఉండాలి," అన్నాడు మా ఆయన.

"నాకు చెప్తున్నారా?"

"గొర్రెలకి చెప్తున్నాను."

ఒక ఊళ్ళో టీ కోసం ఆగాం. ఊరంటే పది ఇళ్ళు, ఒక గుడి, ఒక టీ కొట్టు. వరసలో నించుని, నా సంచీ సర్దుకుంటూ వెనక్కి అడుగేసి ఒక ముసలాయన పాదం తొక్కాను. బాగానే తొక్కాను, నా బరువు సంగతి నాకు తెలుసు. ఆయన "సారీ" అన్నాడు. తొక్కింది నేను. సారీ చెప్పింది ఆయన. పైగా నాకు ముందు దారిచ్చి, నేను కూర్చోడానికి కుర్చీ కూడా లాగాడు.

టీ తాగుతుంటే నా ప్లాను చేతుల్లోనే చెడిపోయింది. ఈ జనం మధ్య నేను చేతులు మడుచుకుని 'మేం మానేశాం' అంటే ఏమవుతుంది? ఒక్కరికీ అవమానం జరగదు. పెళ్ళికొడుకు తల్లి నాకే క్షమాపణ చెప్తుంది. ఇష్టం లేనిది అడిగినందుకు బాధపడి, గిన్నె అవతల పెట్టించి, నాకింకో కప్పు టీ ఇస్తుంది. మా ఆడపడుచు బతికిపోతుంది. ఆ మాట తగలాలంటే మగపెళ్ళివాళ్ళకి భీమవరం చెవులు ఉండాలి. ఈ చెవులకి ఇంకోటి కావాలి.

మళ్ళీ కారెక్కి ఆ ఆకుపచ్చ గోడల మధ్య పడ్డాక తట్టింది. పాటలు నీకే కదా వచ్చు, అంది మా ఆడపడుచు. అవును. వచ్చు.

తెలియనివాళ్ళకి చెప్తున్నాను. నలుగులో దీవించే పాటలు ఉంటాయి, ఏడిపించే పాటలూ ఉంటాయి. వదినగారినీ, వియ్యపురాలినీ, ఆడపడుచునీ నిలబెట్టి కడిగెయ్యొచ్చు. ఆవిడ పిసినారితనం, నిద్రమత్తు, వంకరనడక, ఏదైనా సరే. పాటలో పెడితే తప్పు లేదు. పాడించుకున్నావిడ తిరిగి పాటలో జవాబు చెప్పాలి, లేకపోతే నవ్వాలి. కోపం తెచ్చుకుంటే ఓడినట్టు. మా పెద్దమ్మ ఒకావిడ అప్పటికప్పుడు కట్టి పాడేది. ఆవిడ పాటకి భయపడి ఊళ్ళో నలుగులకి రాని ఆడవాళ్ళు ఉండేవారు. ఆ వరస నాకు గుర్తుంది. మాటలు నేను కట్టుకున్నాను, సీటుబెల్టు మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ.

మా ఆయన ఆ వరస పోల్చుకున్నాడు. "నలుగు పాట కదూ అది? అంటే పెడుతున్నావన్నమాట. బతికించావు," అన్నాడు.

"పెట్టనని నేనెప్పుడన్నాను?"

మిగతా దారంతా ఆయన ఈల వేస్తూ నడిపాడు. నేను అడ్డు చెప్పలేదు.

పెళ్ళికొడుకువాళ్ళది పొలం మధ్య రాతి ఇల్లు. వెనక ఆపిల్ తోట, దాన్లో తెల్లటి గుడారం వేశారు. మేం చేరేసరికి అందరూ అక్కడే ఉన్నారు. పసుపు రంగు బట్టలు వేసుకోమని చెప్పారేమో, ముసలాయనలు కూడా పసుపు టైలు కట్టుకుని, గడ్డి మీద మడత కుర్చీల్లో బుద్ధిగా కూర్చున్నారు. "యల్లా, దిగు," అన్నాడు మా ఆయన దోహా అరబ్బీలో తొందరపెడుతూ, గేటు ముందు కారాపి.

పెళ్ళికొడుకు తల్లి పరిగెత్తుకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. పొడుగాటి మనిషి, ఎండకి కమిలిన మొహం, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. నాకు నచ్చింది. నచ్చుతుందని అనుకోలేదు. మేనకోడలు "అత్తా, వచ్చేశావా," అని మెడ చుట్టుకుంది. దాని తెలుగు ముక్కలు ముక్కలుగా ఉంటుంది కానీ ముద్దుగా ఉంటుంది.

మా ఆడపడుచు వెనక వచ్చింది. నెమలిపింఛం రంగు కంచిపట్టు, వెడల్పాటి జరీ అంచు. నలుగుకి ఎవరైనా పాతచీర కట్టుకుంటారు, మరక పడుతుందని. అందరికీ పసుపు రంగు వేసుకోమని చెప్పి, తను మాత్రం ఫోటోల కోసం తయారైంది.

"వదినా, ఇంత మంచి చీర కట్టారేంటి? నలుగు కదా," అన్నాను.

"నాకేం, నువ్వున్నావుగా పెట్టడానికి," అంది.

అప్పుడు అర్థమైంది. మేనమామ భార్యవి, మొదటి చెయ్యి నీదే, అని గౌరవం ఇచ్చి పిలిచింది నన్ను కాదు. నా చేతుల్ని. దోహా నుంచి ఒక జత చేతుల్ని తెప్పించుకుంది, తనవి తడవకుండా.

నా పాటలో ఒక చరణం అక్కడికక్కడే మార్చాను.

ప్రార్థన నేనే చేశాను. పిల్లకి పసుపు నిజంగానే పెట్టాను, మనస్ఫూర్తిగా. చెంపలకి, చేతులకి, పాదాలకి. ఆ పిల్ల కళ్ళు మూసుకుని చెంప ముందుకి పెట్టింది. దాని వయసు పిల్లలందరూ అలాగే పెడతారు కాబోలు. నేను గొంతు సరిచేసుకున్నాను. మా పెద్దమ్మ పాటకి ముందు గొంతు సరిచేసుకున్నట్టు.

"ఇప్పుడు పాట," అన్నాను ఇంగ్లీషులో. "మీరందరూ తాళం వెయ్యాలి." వేశారు. ఆ దేశంవాళ్ళు ఏం చెప్తే అది చేస్తారు.

రావమ్మ రావమ్మ మా వదినగారూ,
పసుపు గిన్నెను చూసి పారిపోనేల?
మా పిల్ల నలుగులో మడిచిన చేతులు
మీ పిల్ల నలుగుకీ దాచుకున్నారా?

దోహాలొ పసుపుకీ ఒప్పడే దేవుడు,
ఇంగ్లండు పసుపుకీ ఒప్పెనా దేవుడు?
విమానమెక్కితే మారునా వదినా,
ఊరుకొక దేవుడున్నాడ మీకు?

నలభై మంది తెల్లవాళ్ళు లయ తప్పకుండా చప్పట్లు కొడుతున్నారు. మా ఆయన చేతిలో నిమ్మరసం గ్లాసు గడ్డి మీద పడింది. మా ఆడపడుచు మొదటి చరణానికే గుర్తుపట్టింది. మొహంలో రక్తం చెవులదాకా పాకింది. పాటలో జవాబు చెప్పాలని ఆవిడకీ తెలుసు. వెతుక్కుంది, నేను చూస్తూనే ఉన్నాను. ఒక్క ముక్క రాలేదు. మానేసింది కదా. ఇక మిగిలింది నవ్వడమే. నవ్వింది.

"ఎంత బావుందో," అంది పెళ్ళికొడుకు తల్లి. "అర్థమేంటి?" అని మా ఆడపడుచునే అడిగింది.

"పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని," అంది మా ఆడపడుచు.

"కాదండీ," అన్నాను నేను. కాలేజీలో చదివిన ఇంగ్లీషు సాహిత్యం జీవితంలో మొదటిసారి పనికొచ్చింది. "ఈ పాట ఈవిడ గురించే. నలుగులో పెళ్ళికూతురి తల్లిని ఏడిపించడం మా ఆచారం. మా అమ్మాయి పెళ్ళికి ఈవిడ మేనత్త, మొదట పసుపు ఈవిడే పెట్టాలి. అందరి ముందూ పెట్టనంది. అది పాడాను."

అందరూ ముచ్చటపడి మా ఆడపడుచు వైపు తిరిగారు. ఆట అనుకున్నారు. ఆటే. పెళ్ళికొడుకు తల్లి రెండు చేతులూ మోచేతులదాకా పసుపు చేసుకుని ఉంది. ఆమె మొహంలో ఎత్తిపొడుపు లేదు. బస్సు ఎందుకు రాలేదు అని అడిగినట్టు అడిగింది.

"అయ్యో, ఎందుకు పెట్టలేదు?"

ఆ చిన్న ప్రశ్న మా అమ్మాయి నలుగు రోజున అల్ ఘర్రాఫాలో ఒక్కరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. మా ఆడపడుచు నోరు తెరిచింది. ఇవి అన్యుల ఆచారాలు అని ఎలా అంటుంది? ఎదురుగా తన కూతురు పసుపు పులుముకుని కూర్చుని ఉంది. తన వియ్యపురాలు పసుపు చేతులు చాపి నించుంది.

"ఆ రోజు నేను కొత్త పట్టుచీర కట్టుకున్నాను," అంది ఇంగ్లీషులో, చిన్నగా నవ్వి. "మరక పడుతుందని."

గుడారమంతా నవ్వింది. పాపం, అవును మరి, అన్నట్టు తలలూపారు. నేను నవ్వలేదు.

"నిజమా వదినా?" అన్నాను తెలుగులో.

"ఏదో ఒకటి చెప్పాలిగా అమ్మాయ్."

"చీరా, దేవుడా? ఒకటి చెప్పండి."

ఆవిడ జరీ అంచు సర్దుకుంది. ఆ సర్దుకోవడంలో నాకు కావలసిన జవాబు దొరికింది. నా కూతురు జావ తాగుతూ విన్న మాటకీ, ఏమీ అంటని చేతిని తుడుచుకున్నదానికీ కారణం ఒక చీర. దేవుడైనా బావుండేది. దేవుడితో అయితే వాదించుకునేదాన్ని.

నలుగులో చివరికి ఒకళ్ళకొకళ్ళు పూసుకోవడం ఉంటుంది. వదినా మరదళ్ళైతే మరీను. పెళ్ళికొడుకు తల్లికి ఆ సంగతి చెప్పాను, ఆమె గట్టిగా చప్పట్లు కొట్టి అందరికీ చెప్పింది. నేను గిన్నె వంచి, నూనెలో నానిన పసుపు దోసిటి నిండా తీసుకున్నాను. మా ఆడపడుచు ఒక అడుగు వెనక్కి వేసింది. వెనక ఆపిల్ చెట్టు.

చెంపలకి కొంచెమే రాశాను, ఆచారం కోసం. మిగతాదంతా భుజం మీంచి మొదలుపెట్టి, పైట పొడుగునా, కుచ్చిళ్ళదాకా, తొందరేం లేకుండా, రొట్టెకి వెన్న రాసినట్టు రాశాను. నెమలిపింఛం రంగు మీద పసుపు బాగా పడుతుంది. ఆవిడ కదల్లేదు. కదిలితే కోపం వచ్చినట్టు, కోపం వస్తే ఓడినట్టు. చుట్టూ ఫోన్లు పెట్టి ఫోటోలు తీస్తున్నారు. నవ్వుతూనే ఉంది.

"అయిందా?" అంది పళ్ళ మధ్యనుంచి.

"ఇంకొకటుంది."

వేలు తుడుచుకుని లుసైల్‌కి వీడియో కాల్ చేశాను. అమ్మాయి డ్యూటీలో ఉంటుందని తెలుసు. నాకు కావాల్సింది అప్పుడు అక్కడే ఉన్న మా వియ్యపురాలు. "వదినగారూ, మా ఆడపడుచు మీతో ఒక్క మాట చెప్తారట," అని ఫోను ఆవిడ మొహం ముందు పెట్టాను.

"నేనేం చెప్పాలి?" అంది మా ఆడపడుచు, నాతో.

"ఇందాక ఇంగ్లీషులో చెప్పిందే తెలుగులో చెప్పండి. లేకపోతే మూడో చరణం ఉంది. అది నాకు ఇంగ్లీషులో కూడా వచ్చు."

మూడో చరణం లేదు. ఆవిడకా సంగతి తెలియదు.

"వదినగారూ, వందనాలండీ," అంది ఫోనుతో. "ఆ రోజు నేను పసుపు పెట్టకపోవడానికీ, మా పిల్లకీ ఏం సంబంధం లేదండీ. పిల్ల బంగారం. నా చీర పాడవుతుందని."

ఫోన్లో మొహం దగ్గరికి వచ్చింది.

"చీరా?" అంది మా వియ్యపురాలు.

"ఆఁ."

"దేవుడు ఒప్పడన్నారు కదండీ."

మా ఆడపడుచు నా వైపు చూసింది. నేను అవతల గొర్రెల్ని చూస్తున్నాను.

"అదీ ఉందిలెండి," అంది.

"ఇప్పుడు కట్టుకున్నది ఆ చీరేనా?"

"కాదండీ. ఇది వేరే."

"అయ్యో," అంది మా వియ్యపురాలు, కళ్ళద్దాలు పెట్టుకుని చూసి. "ఇదీ పోయినట్టుందే."

మర్నాడు పెళ్ళి ఆ ఊరి రాతి గుళ్ళో జరిగింది. మా ఆడపడుచు మెడ వెనక, చెవుల కింద పసుపు వదల్లేదు. ఫోటోల్లో బాగా కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో మా ఆయన ఈల వెయ్యలేదు. ఆయనతో నాకున్న లెక్క వేరే.

దోహా వచ్చాక మా అమ్మాయి అంతా విని, "మమ్మీ, నువ్వు మనిషివి కాదు," అంది. అని, వీడియో ఉంటే పంపించమంది. వియ్యపురాలు ఆ మాట మళ్ళీ అనలేదు. మొన్న శుక్రవారం, ఇక్కడి సెలవురోజున, ఆరాధన తర్వాత ఒక పిల్లకి నలుగు జరిగితే, వెనక నించున్న మా అమ్మాయిని ఆవిడే ముందుకి తోసి, "వెళ్ళమ్మా, పెట్టు. నీకేం తక్కువ," అంది. మా అమ్మాయి పెట్టింది. తర్వాత చేతులు కడుక్కోకుండా చాలాసేపు తిరిగింది.

మా ఆడపడుచు నాకు ఫోన్ చెయ్యడం మానేసింది. మా ఆయనకి చేసి, ఆ చీర ఎక్కడ ఉతకడానికిచ్చినా మరక పోవడం లేదని చెప్పుకుంటుందట. పోదు. పసుపు సబ్బుకి పోదు, ఎండకి పోతుంది. అంత ఎండ వాళ్ళ దేశంలో ఎక్కడుంది? ఇక్కడ మా బాల్కనీ రెయిలింగు మీద జూలైలో ఒక్క పూట ఆరేస్తే చాలు, తెల్లవారినట్టు తేలిపోతుంది. పంపిస్తే ఆరేస్తాను.

ఆవిడ అడగాలి మరి.